ముప్ఫై ఒకటో పెదవి

ముప్ఫై ఒకటో ఫొటో తెర మీదికి రాగానే నా పెన్సిలు ఆగిపోయింది. ఆ పెదవిని ఆ రోజు పొద్దున్నే ఒకసారి చూశాను.

మా దీవుల రాజధాని సువాలో తెల్లగవ్వ సంస్థ గదిలో ముగ్గురం కూర్చున్నాం. ఒక పళ్ల డాక్టరు, పిల్లలకు మాట సరిచేసే టీచరమ్మ, ముప్ఫై ఏళ్లు పిల్లల వార్డులో నర్సుగా చేసిన నేను. నా పేరు ఉనాయిసి. గ్రహణమొర్రితో పుట్టి, మా సంస్థ దగ్గర ఆపరేషన్లు చేయించుకుని, ఇప్పుడు ఏడేళ్ల వయసుకొచ్చిన నలభై మంది పిల్లల ఫొటోలకు మార్కులు వేయడం మా పని. ఒకటి అంటే చాలా బాగుంది. ఐదు అంటే అస్సలు బాగోలేదు. ముక్కు ఆకారానికి ఒక మార్కు, ముక్కు వంకరకు ఒకటి, పెదవి అంచు గీతకు ఒకటి.

మాకు మొత్తం ముఖం చూపించరు. ముక్కు దూలం నుంచి పెదవి దాకా కత్తిరించిన ముక్క ఒక్కటే చూపిస్తారు. కళ్లు కనబడితే మనసు కళ్ల మీదికి పోతుంది, పెదవికి దొంగ మార్కు పడుతుంది. అందుకని కళ్లుండవు, పేరుండదు, నంబరుంటుంది.

"ఏం పిల్లా, మాకు పరీక్ష పెడుతున్నావా?" అన్నాను కంప్యూటరు ముందు కూర్చున్న శలేష్ని అనే అమ్మాయితో. ఫొటోలు కత్తిరించి, నంబర్లు వేసి, తెర మీదికి పంపేది ఆ అమ్మాయే. మా మార్కులు నిలకడగా ఉన్నాయో లేదో చూడడానికి కొన్ని ఫొటోలను చెప్పకుండా రెండోసారి చూపించడం మామూలే.

"ఇవాళ కాదు సిస్టర్. రెండోసారివి రేపు. ఇవాళ నలభై మందీ వేరువేరు."

"పన్నెండో నంబరు మళ్లీ వెయ్యి."

"వెనక్కి వెళ్లకూడదు సిస్టర్, రూలు."

"వెయ్యమన్నానా?"

పళ్ల డాక్టరు నవ్వాడు. "ఉనాయిసికి అన్ని ముక్కులూ ఒకలాగే కనబడుతున్నాయంటే టీ వేళ అయిందన్నమాట."

శలేష్ని మూతి ముడుచుకునే పన్నెండో ఫొటో వేసింది. నేను లేచి తెర దగ్గరికి వెళ్లాను. ముక్కు కుడి రంధ్రం పక్కన ఆవగింజంత గుంట, ఆటలమ్మ మచ్చ. ముప్ఫై ఒకటి వేయించాను. అదే చోట అదే గుంట. పెదవి మీద కుట్ల గీత కింద అంచు దగ్గర కాస్త ఎడమకు జరిగింది. రెండింటిలోనూ అంతే.

టీకి వెళ్లినప్పుడు శలేష్నిని వరండాలో పట్టుకున్నాను.

"పన్నెండోది నువ్వు తిప్పావా?"

ఆ పని మా దగ్గర అందరికీ తెలిసిందే. చీలిక కొందరికి కుడివైపు ఉంటుంది, కొందరికి ఎడమవైపు. కుడివైపు వాళ్ల ఫొటోలను శలేష్ని అద్దంలో చూపినట్టు తిప్పేస్తుంది. అన్ని మచ్చలూ ఎడమవైపే కనబడితే మా కళ్లు ఒకే తీరులో కొలుస్తాయి.

"లేదు సిస్టర్. పన్నెండోది అసలుకే ఎడమ."

"మరి ముప్ఫై ఒకటి?"

"అది కుడి. దాన్ని..." అమ్మాయి కప్పు కింద పెట్టేసింది. "దాన్ని తిప్పాను."

"తిప్పితే పన్నెండోది అయింది."

"అంటే నా దగ్గరికి వచ్చేటప్పటికే ఎవరో పన్నెండో ఫొటోని కుడికి తిప్పి, ఇంకో పిల్లాడి పేరు పెట్టి పంపారు. మేం తిప్పుతామని వాళ్లకి తెలీదు. నేను మళ్లీ తిప్పేసరికి అసలుకి వచ్చేసింది."

"ముప్ఫై ఒకటో పిల్లాడెవరు?"

"నంబర్లు విప్పితే నా ఉద్యోగం ఊడుతుంది సిస్టర్."

"విప్పకపోతే ఏం ఊడుతుందో తెలీదు. చెప్పు."

చెప్పింది. పన్నెండు సలానియెటా అనే అమ్మాయి, లౌ దీవుల పిల్ల. ముప్ఫై ఒకటి విలికెసా అనే అబ్బాయి. తల్లి తితిలియా. కడావు దీవిలో వునివుటు ఊరు. ఫొటో తీసి పంపింది ఆ దీవిలో మా సంస్థ మనిషి అపిసాయి.



మా తమ్ముడి కూతురు కెలెరాను ఇచ్చింది ఆ ఊరికే. ఆమె పద్నాలుగు నెలల పిల్ల తొరికాకు పోయిన శుక్రవారం చీలిన అంగిలిని కుట్టారు. మంగళవారం ఓడలో తల్లీపిల్లా ఊరికి వెళ్లిపోయారు. పంపించవచ్చని సంతకం పెట్టింది నేనే. ఎందుకంటే ఆరో రోజున అపిసాయి పడవలో వెళ్లి, పిల్ల నోరు తెరిపించి, కుట్లు చూసి కబురు చేస్తాడు. మా పద్ధతి అది. ఆరో రోజంటే ఆ రోజే, గురువారం.

అంగిలి కుట్లు ఆపరేషన్ రోజున తెగితే గోల లేదు, ఎదురుగా డాక్టర్లుంటారు. వారం రోజుల తర్వాత పుండు చీము పట్టి తెగితేనే భయం. రక్తం బయటికి రాదు. పసిపిల్ల దాన్ని మింగేస్తుంది. దిండు మీద చుక్క కూడా పడదు. చూడడం తెలిసినవాడు నోరు తెరిపించి చూస్తే తప్ప తెలీదు.

దొంగ ఫొటో పంపినవాడు నిజంగా వెళ్లి చూస్తాడా?

కెలెరాకు ఫోన్ చేశాను. వునివుటులో కొండెక్కితే తప్ప ఫోన్ పలకదు. పక్క ఊళ్లోని నర్సమ్మ శిక్షణకని రెండు వారాలుగా సువాలోనే ఉంది. అపిసాయికి చేశాను. రెండో మోతకే ఎత్తాడు.

"ఏం మరదలా! ఇంకా ముక్కులు లెక్కపెట్టడం అవలేదా?"

వరసకు బావ. మా అమ్మ అన్న కొడుకు. ఇద్దరం ఒకళ్లనొకళ్లు వెక్కిరించుకోకుండా ఏ మాటా మొదలెట్టం.

"నీ ముక్కు ఫొటో వచ్చింది బావా. ఐదు వేశాను, ఆరు లేదు గనక."

"నా ముక్కు చూసి ముగ్గురు పడిపోయారే ఒకప్పుడు."

"తుమ్మి ఉంటావు. సరే గాని, తొరికాని చూశావా?"

"పొద్దున్నే వెళ్లొచ్చా. కుట్లు శుభ్రంగా ఉన్నాయి. చేప సురువా తాగింది. నన్ను చూసి నవ్వింది కూడా."

అంత ధారాళంగా చెప్పాడు. ఒక్క క్షణం నమ్మాలనిపించింది. అంగిలి కుట్టిన పిల్లలు నోట్లో వేలు పెట్టుకోకుండా మోచేతులకు వార్తాపత్రిక మడతలు చుట్టి కట్టు కడతాం. తొరికాకు చర్మం పుండ్లు పడుతోందని ఆ కట్లు విప్పించి, రెండు చేతులకూ పచ్చ మేజోళ్లు తొడిగి పంపాను.

"మోచేతుల కట్లు వదులవలేదు కదా?"

"వదులయ్యాయి. నేనే మళ్లీ బిగించి కట్టా."

"పేపరు చుట్టినవేనా?"

"అవే మరి. ఇంకేం ఉంటాయి?"

"రేపు పొద్దున విమానానికి వస్తున్నా బావా. పడవ సిద్ధంగా ఉంచు," అన్నాను.

"ఎందుకు మరదలా, ఇప్పుడే చెప్పానుగా..."

"పడవ సిద్ధంగా ఉంచు."

శలేష్ని ఆ రెండు ఫొటోలనూ పలుచటి కాగితం మీద తీసి ఇచ్చింది. విలికెసా పాత కాగితాల కట్ట కూడా అడిగి తీసుకున్నాను. అందులో అపిసాయి చేతిరాతతో ఒక పత్రం ఉంది. అంగిలి ఆపరేషన్ అయిన ఆరో రోజు. 'వెళ్లి చూశాను. కుట్లు శుభ్రం. పిల్లాడు హుషారు.' ఆ పత్రం తర్వాత ఐదున్నరేళ్ల పాటు ఆ కట్టలో ఒక్క కాగితమూ లేదు. ఈ ఏడు తీసినట్టు చెప్పిన ఫొటో తప్ప.

* * *

అపిసాయి విమానం దిగే చోటికే వచ్చాడు. చెవి వెనక మందారం పువ్వు పెట్టుకున్నాడు, నవ్వుతున్నాడు. నా సంచీ అందుకోబోయాడు. నేను సంచీ ఇవ్వలేదు. రెండు ఫొటోలూ ఒకదాని మీద ఒకటి పెట్టి సూర్యుడికి ఎదురుగా పట్టుకున్నాను. ముక్కు మీద ముక్కు, పెదవి మీద పెదవి, మచ్చ మీద మచ్చ. ఒకే బొమ్మయింది.

"కుడివైపు వాటిని మేం ఎడమకి తిప్పుతాం బావా," అన్నాను.

"తిప్పుతారా?"

మొదట అతను అడిగింది అదే. చేసిన పని ఎలా దొరికిపోయిందో అర్థం చేసుకోవడానికి అడిగినట్టు అడిగాడు. తర్వాత చెవి వెనక పువ్వు తీసి నేల మీద పడేశాడు.

"విలికెసా ఎక్కడ?"

"పోయాడు."

"ఎప్పుడు?"

"అప్పుడే. తొమ్మిదో రోజున."

"నువ్వు ఆరో రోజున చూశానని రాశావు."

ఎందుకు చూడలేదని నేను అడగలేదు. అడగడానికి టైము లేదు. "తొరికాకి ఇవాళ ఏడో రోజు," అన్నాను. "పడవెక్కు."

పడవ రెండు గంటలు పోతుంది. గాలి ఎదురుగా ఉంది. పడవ నడుపుతున్న అపిసాయి పక్కనే కూర్చున్నాను. సగం దూరం వెళ్లాక తనే మొదలుపెట్టాడు, నా ముఖం చూడకుండా.

"ఆ రోజు పడవలో పెట్రోలు ఒక్కసారికే ఉంది. రగ్బీ ఆఖరి మ్యాచి. మా జట్టుని అవతలి అఖాతానికి దింపాలి. రేపు వెళ్దాంలే అనుకున్నా. కాగితం మాత్రం ఆ రోజు ఓడలోనే పంపాలి కదా, రాసేశా. మర్నాడు గాలివాన. ఆ మర్నాడు కూడా. తర్వాత కబురొచ్చింది."

"గెలిచారా?"

"ఏంటి?"

"మ్యాచి."

"గెలిచాం," అన్నాడు. "అప్పట్నుంచి ఆ ఊరి ఒడ్డు చూస్తే నాకు కాళ్లాడవు మరదలా. వాడు పోయాడని మీకూ చెప్పలేకపోయా, ఈ ఏడు ఫొటో అడిగితే మీరు నమూనాకని పంపినదాన్నే తిప్పి పంపా. మిగతా ఊళ్లన్నీ తిరుగుతా. దేవుడి తోడు, ఏ పిల్లనీ చూడకుండా కాగితం రాయలేదు మళ్లీ. ఈ ఊరొక్కటే."

"అందుకే తొరికాని చూడలేదు."

"తితిలియా ఇల్లు ఒడ్డు పక్కనే. అక్కడే కూర్చుని చాప అల్లుతుంటుంది."

వునివుటు కనబడింది. పగడపు గట్టు దాటి లోతు తక్కువ నీళ్లలోకి రాగానే ఇంజను ఆపేశాడు. ఒడ్డున మగవాళ్లు లేచి నిలబడ్డారు.

"యంగోనా వేర్ల కట్ట తేలేదు," అన్నాడు. "పెద్దల ముందు కట్ట పెట్టకుండా ఊళ్లో ఎలా కాలు పెడతాం? నువ్వెళ్లు. నేను పడవలోనే..."

"అయిదేళ్లు కట్ట తెచ్చుకోడానికి టైము దొరకలేదా నీకు? దిగు."

దిగాడు. మోకాలి లోతు నీళ్లలో నా వెనక నడిచాడు. తితిలియా ఇంటి ముందు చాప సగం అల్లి ఉంది. మనిషి లేదు.

* * *

కెలెరా ఇంటి ముందు కేకలు దూరానికే వినబడ్డాయి. ఆమె అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడి లోపలికి చూస్తూ అరుస్తోంది.

"పోయినసారి నీ ఇంట్లో చావు. ఇప్పుడు మా ఇంటికి పట్టుకొచ్చావా? లే! పిల్లని ముట్టుకోకు! కెలెరా, దాన్ని బయటికి లాగు!"

"లాగను!" లోపల్నుంచి కెలెరా ఏడుస్తూ అంటోంది. "లాగను అత్తమ్మా, నువ్వు లాగితే నీ చెయ్యి విరుస్తా!"

నేను పెద్దావిడని పక్కకు నెట్టి లోపలికి వెళ్లాను. చాప మీద ఒక సన్నటి ఆడమనిషి కూర్చుని ఉంది. తొరికాను ఒళ్లో నిలువుగా, ముందుకు వంచి పట్టుకుంది. పిల్ల చేతులకు పచ్చ మేజోళ్లున్నాయి. ఆమె కుడిచేతి చూపుడు వేలికి తడిగుడ్డ చుట్టి ఉంది. ఆ వేలు పిల్ల నోట్లో అంగిలిని నొక్కిపెట్టి ఉంది. కింద పళ్లెంలో చారెడు నల్లటి రక్తం. పిల్ల పెదాలు పాలిపోయాయి. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

"అత్తా!" కెలెరా నన్ను చూసి కూలబడింది. "పొద్దున్నుంచీ అత్తా... బాగానే ఉందనుకున్నాను..."

ఆ ఆడమనిషి తలెత్తలేదు. వేలు తీయలేదు. "నిన్న చర్చి దగ్గర చూశా సిస్టర్. పిల్ల నోట్లో ఏమీ లేదు. గుటకలు మింగుతోంది. మింగుతోంది, మింగుతోంది. ఏమీ లేకుండా ఎవరైనా అన్ని గుటకలు మింగుతారా? నిన్న చెప్తే రానివ్వలేదు. పొద్దున మళ్లీ వచ్చా."

"నువ్వు తితిలియావా?"

"వాడు రెండు రోజులు మింగాడు," అంది. "నిద్రలో కూడా. నాకు తెలీలేదు. కడుపు నిండిందేమో అనుకున్నా."

నాడి చూశాను. దారంలా ఉంది, పరుగెడుతోంది. గుడ్డ మార్చబోతే రక్తం మళ్లీ ఊరింది. తితిలియా వేలు వెంటనే అదే చోట నొక్కింది. ముప్ఫై ఏళ్ల నర్సుని, అంతకంటే బాగా నేను పెట్టలేను.

"అలాగే ఉంచు. పడవలోకి. దీవి ఆసుపత్రికి పోదాం. నువ్వు కూడా రావాలి."

"వేలు తీయమంటే కదా రాకుండా ఉండేది."

గుమ్మం బయట అపిసాయి నిలబడి ఉన్నాడు. ఆమె పిల్లతో బయటికి రాగానే అతన్ని చూసింది. ఆగింది. ఒక్క అడుగు వేసేటంత సేపే. తర్వాత అతని పక్కనుంచే నడిచి ఒడ్డుకు పోయింది. పెద్దావిడ కేకలు వెనక వినబడుతూనే ఉన్నాయి.

* * *

పడవలో నలుగురం. ఇంజను దగ్గర అపిసాయి. మధ్యలో తితిలియా, ఒళ్లో పిల్ల. వాళ్లకు అలలు తగలకుండా కెలెరా టార్పాలిన్ పట్టుకుంది. నేను పిల్ల మణికట్టు వదల్లేదు. గాలి ఇప్పుడు వెనకనుంచి వస్తోంది. అంతవరకు అదృష్టం.

సగం దారి దాటాం. తితిలియా వేలు నీలం రంగుకు తిరిగింది. "చెయ్యి మారుద్దామా?" అన్నాను. తల అడ్డంగా ఊపింది.

"తితిలియా," అన్నాడు అపిసాయి ఇంజను హోరు మీంచి. "నేను ఆ రోజు రాలేదు."

కెలెరా తలెత్తి చూసింది. తితిలియా సముద్రం వైపే చూస్తోంది.

"నాకు చెప్తావేంటి?" అంది. "నువ్వు రాలేదని నాకు తెలీదా? నేనింట్లోనే ఉన్నాను కదా."

అతను ఏదో అనబోయాడు.

"నువ్వు రాలేదు. నీ కాగితం వచ్చింది. అంతా శుభ్రం, పిల్లాడు హుషారు. సువా నుంచి రేడియోలో చదివి చెప్పారు ఊరికంతా. డాక్టర్ల మనిషి చూసి బాగుందన్నాడంటే మరి ఎలా పోయాడు? తల్లే ఏదో పెట్టుంటుంది. గట్టి కసావా దుంప పెట్టిందన్నారు. కడుపుతో ఉన్నప్పుడు గడప మీద కూర్చుని చేప చీల్చింది, అందుకే వాడు అలా పుట్టాడన్నారు. అతను రాలేదు రా బాబూ, ఎవరూ రాలేదు అని ఎంతమందికి చెప్పాను? మొగుడికే చెప్పాను. కాగితం ఉంది కదా అన్నాడు. ఇప్పుడు సువాలో ఉంటున్నాడు. ఇంకో ఆవిడతో."

ఆమె గొంతు పెంచలేదు. మధ్యమధ్య పిల్ల నోటి వైపు చూసుకుంటూ, గుడ్డ తడి చూసుకుంటూ చెప్పింది.

"తోలు," అంది చివర్న. "ఆ రోజు ఇంత వేగంగా తోలితే సరిపోయేది."

అపిసాయి ఇంజను పిడిని చివరిదాకా తిప్పేశాడు. అతని ముఖమంతా నీళ్లే. ఉప్పునీళ్లో, ఏ నీళ్లో నేను చూడలేదు.

దీవి ఆసుపత్రి మెట్ల మీద డాక్టరు ఎదురొచ్చాడు. తితిలియా వేలు వదిలించి గుడ్డ నొక్కుతూ పిల్లని లోపలికి తీసుకెళ్లారు. కెలెరా ఒంట్లోంచి సీసెడు రక్తం తీసి పిల్లకెక్కించారు. కుట్లు మళ్లీ వేశారు. రెండు గంటలు దాటాక డాక్టరు బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. బతుకుతుంది. అంగిలిలో ముందువైపు కాస్త రంధ్రం మిగిలిపోతుంది. రెండేళ్లు పోయాక ఇంకో ఆపరేషన్ కావాలి. మాట ముక్కులోంచి వస్తుంది అప్పటిదాకా.

"బతుకుతుందా?" అని కెలెరా మూడుసార్లు అడిగింది. మిగతాది ఆమెకు వినబడలేదు.

* * *

తితిలియా వరండాలో బల్ల మీద కూర్చుంది. కుడిచేతి వేలు వాచి అరటిపండులా ఉంది. నేను పక్కన కూర్చుని కట్టు కట్టాను. అపిసాయి మెట్ల కింద ఎండలోనే నిలబడ్డాడు. పైకి రమ్మని ఎవరూ అనలేదు.

"సిస్టర్," అంది. "ఏడేళ్లొచ్చిన పిల్లలందరి ఫొటోలూ మీరు దగ్గర పెట్టుకుంటారటగా. కెలెరా చెప్పింది. పోయినవాళ్లవి కూడా ఉంచుతారా?"

అబద్ధం ఆ కట్టలో అప్పటికే చాలా ఉంది. మొత్తం చెప్పాను. ఎవరి ఫొటోనో తిప్పి ఆమె కొడుకు పేరు పెట్టారని, మేం దాన్ని కొలిచామని, నేను దానికి రెండు వేశానని.

"రెండంటే?"

"బాగుంది అని."

"చూపించు."

సంచీలోంచి తీసి ఇచ్చాను. ముక్కూ పెదవీ ఉన్న ముక్క. చాలాసేపు చూసింది. ఫొటో కింద నుంచి పైకి, పై నుంచి కిందికి.

"బాగా కుట్టారు," అంది. "వాడుంటే ఇలా ఉండేవాడా?"

 

కాగితాల కట్టలో అడుగున ఉన్న ఫొటో తీశాను. ఆరు నెలల వయసులో, పెదవి కుట్టకముందు తీసింది. కుడివైపు చీలిక ముక్కులోకి తెరుచుకుని ఉంది. మొదటి కోతకి ముందు తీసిన ఫొటోలను మేం ఎవరికీ చూపించం. అది కొలవడానికి పనికిరాదు. ఆ ఫొటో అందించేటప్పుడు అలవాటు కొద్దీ నా బొటనవేలు పిల్లాడి కళ్ల మీద ఉంది. తితిలియా నా వేలు పక్కకు జరిపింది.

కళ్లు కనబడ్డాయి. కెమెరా పట్టుకున్న ఎవరినో చూసి పిల్లాడు నవ్వుతున్నాడు. నవ్వుకి చీలిక ఇంకా వెడల్పయింది.

"అప్పుడు నా జడ లాగాడు," అంది. "అందుకే నవ్వాడు. నేను అరిచాను. అందుకని."

ఫొటోని రెండు చేతులతో పైకెత్తి, పిల్లాడి ముఖానికి ముక్కు ఆనించి, గట్టిగా ఊపిరి లోపలికి పీల్చింది. మా పిల్లల్ని మేం ముద్దు పెట్టుకునేది అలాగే. చావింటికి వెళ్లి పోయినవాళ్ల నుదుటి మీద పెట్టేదీ అదే. రెంగురెంగు అంటాం. అది పెట్టనివాడు వీడ్కోలు చెప్పనట్టే.

ఫొటోలో ఏ వాసన ఉంటుంది? ఇంకొకసారి పీల్చింది. తర్వాత ఫొటో దించి మెట్ల కింద ఉన్న మనిషిని చూసింది.

"అపిసాయీ, ఇలా రా."

వచ్చాడు. మెట్ల మీద మోకాళ్లూనాడు. చేతులెక్కడ పెట్టాలో తెలీక తొడల మీద పెట్టుకున్నాడు.

"ఆదివారం మా ఊరికి రా. తప్పు ఒప్పుకోడానికి యంగోనా తెస్తావో, తిమింగలం పన్ను తెస్తావో, వట్టి చేతులతో వస్తావో నీ ఇష్టం. నువ్వు రాలేదని అందరి ముందూ చెప్పు. మా అత్త ముందు చెప్పు. కెలెరా అత్త ముందు చెప్పు."

"చెప్తా."

"కాగితం రాయకు. నోటితో చెప్పు."

"చెప్తా తితిలియా."

ఆమె ఫొటోని అతని ముఖం ముందుకు చాచింది.

"వాడు పోయిన రోజు ఊరంతా పెట్టారు. నువ్వు పెట్టలేదు. ఇప్పుడు పెట్టు."

అపిసాయి నా వైపు చూశాడు. ముందుకు వంగి ఆ తెరుచుకున్న పెదవి మీద ముక్కు ఆనించాడు. ఊపిరి తీసుకోబోయాడు. రాలేదు. తితిలియా ఫొటో వెనక్కి తీయలేదు. అతను ఊపిరి తీసుకునేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.